మూడేళ్లు మిగిలిన బండికి ఎన్ని లక్షల ఇంజన్?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. సొంతంగా ఒక పది టైర్ల టాటా 2518 లారీ ఉంది, కమిన్స్ ఇంజన్, 12 ఏళ్ల బండి. మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం, అటు నుంచి ఎరువుల రిటర్న్ లోడు. నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది. డీజిల్, డ్రైవర్ జీతం, బత్తా, టైర్లు పోను మొన్నటిదాకా నెలకు 38 వేలు మిగిలేవి. ఇప్పుడు ఇంజన్ 250 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోంది, మైలేజీ 4 నుంచి 3.5కు పడింది. నెలకు పది పన్నెండు వేలు మిగిలితే గొప్ప. విజయవాడ ఆటోనగర్‌లో ఫుల్ ఇంజన్ పనికి 2.8 లక్షలు అడిగారు. తుక్కు బండిలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజన్ బిగిస్తే 2.1 లక్షలు, కంపెనీ రీకండిషన్ ఇంజన్ అయితే 5.2 లక్షలు. మా బావమరిదేమో దీన్ని 5 లక్షలకు అమ్మేసి 22 లక్షల బండి ఫైనాన్స్‌లో తీసుకోమంటున్నాడు. చేతిలో లక్షన్నర ఉంది. 3 లక్షల చిట్టీ ఇంకో 14 నెలలు కట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావమరిది మాట చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. పాత బండి మీద వచ్చిన 5 లక్షలు పోను 17 లక్షల అప్పు. 12 శాతం వడ్డీకి నాలుగేళ్లంటే నెలకు దాదాపు 44,800 కిస్తీ. మీ బండి బాగా నడిచిన రోజుల్లోనే మిగిలింది 38 వేలు. కొత్త బండి మైలేజీ ఎక్కువిస్తుంది, నిజమే. కానీ వర్షాకాలంలో లోడు దొరక్క నాలుగు రోజులు పోర్టు బయట నిలబడితే కిస్తీ ఆగదు కదా. పైగా పొగ వదిలే బండికి ఎవరూ 5 లక్షలు ఇవ్వరు. ఆ ధర నడిచే బండికి.

ఇక ఇంజన్. ఏది చవక అని అందరూ చూస్తారు. నేను అడిగేది ఈ బండి ఇంకా ఎన్నాళ్లు ఇదే పని చేస్తుందని. మీరు తెలంగాణ నుంచి ఆంధ్రకు వెళ్లే పని నేషనల్ పర్మిట్ మీద నడుస్తోంది. మల్టీ యాక్సిల్ (రెండు కంటే ఎక్కువ ఇరుసుల) బండికి 15 ఏళ్లు దాటితే ఆ పర్మిట్ ఇవ్వరు. మీది మూడు యాక్సిళ్ల బండి కాబట్టి ఇంకా మూడేళ్లు ఉంది. ఆ తర్వాత ఇసుక, కంకర లాంటి లోకల్ కిరాయిలే. ఫిట్‌నెస్ ఫీజు కూడా 15 ఏళ్లు దాటిన బండ్లకు బాగా పెంచారు. అంటే మీకు కావలసింది 36 నెలలు, సుమారు రెండు లక్షల పదహారు వేల కిలోమీటర్లు నమ్మకంగా లాగే ఇంజన్. సరిగ్గా చేసిన ఫుల్ ఇంజన్ పని అంతవరకు వస్తుంది. 5.2 లక్షల ఇంజన్ ఇంకా ఎక్కువ కాలం ఆడుతుంది, కానీ బండి పర్మిట్ ఆడదు. మూడేళ్ల తర్వాత అమ్మబోతే, ఇంజన్ కొత్తదని ఎవరూ పైన రెండు లక్షలు పెట్టరు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ నాకు అస్సలు నచ్చదు. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో అమ్మేవాడికే తెలియదు. దానికితోడు ఇంజన్ నంబర్ మారుతుంది. ఆర్‌టీఓ ఆఫీసులో ఆర్‌సీలో మార్పించుకోకపోతే ఫిట్‌నెస్ దగ్గర, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. ఆ ఇంజన్ ఏ బండిదో కాగితాలు లేకపోతే పోలీసు తలనొప్పి వేరే. మా మేనమామ ఇలాగే 40 వేలు మిగిలాయని సంబరపడి, ఆరు నెలల్లో మళ్లీ హెడ్ విప్పాడు. మీ ఇంజన్‌కే పని చేయిస్తే బ్లాకు అదే, నంబర్ అదే.

కాబట్టి నా ఓటు ఫుల్ ఇంజన్ పనికే. అయితే ఒక షరతు. మీ కమిన్స్ ఇంజన్‌కు లైనర్లు (పిస్టన్ ఆడే, అరిగితే మార్చే గొట్టాలు) ఉండవు, బ్లాకునే బోరు కొట్టాలి, అంటే సిలిండర్ రంధ్రాన్నే కాస్త పెద్దది చేయాలి. హాఫ్ మిల్లీమీటర్, తర్వాత ఒక మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్లు పడతాయి. గతంలో ఒకసారి ఒక మిల్లీమీటర్ దాకా కొట్టేసి ఉంటే ఇప్పుడు లోపల స్లీవ్‌లు (కొత్త గొట్టాలు) వేయాలి, ఖర్చు పెరుగుతుంది. బ్లాకు పగిలి ఉన్నా, క్రాంక్ ఇంకో గ్రైండింగ్‌కు పనికిరాకపోయినా 2.8 లక్షల మాట చెల్లదు. అందుకే మొత్తం బేరం ఇప్పుడే మాట్లాడుకోకండి. విప్పి, కడిగి, బోరు, క్రాంక్ కొలిచేందుకు మాత్రం ముందు డబ్బివ్వండి. ఆ కొలతలు కాగితం మీద రాయించుకున్నాకే మిగతా పనికి ధర. అప్పుడు కూడా ఇంకో 70 వేలు పక్కన ఉంచుకోండి. ఇంజన్ విప్పాక అనుకున్న ధరలో పని పూర్తయిందని చెప్పిన లారీ యజమాని నాకు ఇంతవరకు తగల్లేదు.

అన్నీ కలిపి 3.5 లక్షలు. బండి మూడు వారాలు ఆగితే పోయే ఆదాయం, నెలకు 38 వేల పాత లెక్కన చూస్తే, దాదాపు 28 వేలు. మొత్తం దాదాపు 3.8 లక్షలు. ఇప్పుడు ఈ ఇంజన్ మీ దగ్గర ఎంత తింటోందో చూడండి. నెలకు 24 లీటర్ల ఆయిల్, లీటరు 300 చొప్పున 7,200. మైలేజీ పడిపోవడం వల్ల అదనంగా 214 లీటర్ల డీజిల్, లీటరు 96 లెక్కన 20,500. కలిపి నెలకు 27 వేలకు పైనే. మీకు తగ్గిన మిగులు కూడా అంతే, లెక్క సరిగ్గా కుదిరింది. ఈ దుబారా మొత్తం ఆగితే 14 నెలల్లో పని ఖర్చు తిరిగొస్తుంది.

ఆ ‘మొత్తం’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆయిల్ తాగడం రింగులు, బోరు పని కావచ్చు. మైలేజీ పడటానికి మాత్రం డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్లు, టర్బో కూడా కారణం కావచ్చు. బోరు కొట్టించి పంపు వదిలేస్తే మైలేజీ 3.5 దగ్గరే ఉండిపోయి మీరు మెకానిక్‌ను తిట్టుకుంటారు. విప్పక ముందే కంప్రెషన్ చూపించి, పంపు, నాజిళ్లు కాలిబ్రేషన్‌కు పంపండి.

డబ్బు సంగతి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అటు చూడకండి. చిట్టీ ఇప్పుడే పాడితే 40, 50 వేలు వదులుకోవాల్సి రావచ్చు. చేతిలోని లక్షన్నరలో లక్ష పెట్టి, 50 వేలు టైరు పేలితేనో ఇన్సూరెన్స్‌కో ఉంచుకోండి. ఇంట్లో బంగారం ఉంటే, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే, బ్యాంకులో 2.5 లక్షల గోల్డ్ లోన్ తీసుకోండి. 9 శాతం వడ్డీ అనుకుంటే నూటికి ముప్పావలా, 14 నెలలకు 26 వేల పైచిలుకు. ఏడాదికి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించి, చిట్టీ చివర్లో డబ్బు చేతికి రాగానే బంగారం విడిపించుకోండి.

ఈ ఖర్చు చూపిస్తే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీలాంటి చిన్న యజమానులు ఆదాయపు పన్నులో లారీలకు ఉన్న అంచనా ఆదాయం పద్ధతి (పాత చట్టంలో సెక్షన్ 44ఏఈ) కింద టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఆదాయం చూపిస్తారు. 25 టన్నుల బండికి ఏడాదికి 3 లక్షలు. అందులో రిపేర్లన్నీ కలిసిపోయినట్టే లెక్క, విడిగా తగ్గించుకోవడం కుదరదు. మీకు ఇంకో ఆదాయం లేకపోతే ఆ 3 లక్షల మీద పన్ను ఎలాగూ పడదు. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి, పన్ను కోసం కాదు, గ్యారంటీ కోసం. ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, పార్టులకా పనికి కూడానా అన్నది దాని మీదే రాయించండి.

చిట్టీ అయిపోయాక ఆ నెలవారీ కట్టుబడికి అలవాటుపడి ఉంటారు. అదే మొత్తం బ్యాంకులో ఆర్‌డీ వేయండి. బండికి 15 ఏళ్లు నిండే నాటికి మీ బావమరిది చెప్పిన కొత్త బండికి డౌన్ పేమెంట్‌లో కొంత అక్కడ ఉంటుంది.