జీఆర్ఈ వెర్బల్: నన్ను ముంచింది పెద్ద పదాలు కాదు, చిన్న పదాలు

ప్రశ్న: టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీటెక్ ఫైనల్ ఇయర్. విదేశాల్లో ఎంఎస్ కోసం రాసే జీఆర్ఈకి ఇంకా మూడు నెలలు ఉంది. వెయ్యి పదాలు బట్టీ పట్టినా ప్రాక్టీస్ టెస్టుల్లో వెర్బల్ (ఇంగ్లీషు భాగం) స్కోరు 142 దాటడం లేదు. ప్యాసేజీ సగంలోకి వచ్చేసరికి మొదట ఏం చదివానో మర్చిపోతున్నాను. ఏం చేయాలి?

మీ ప్రశ్నలో నేనే కనిపించాను. నాదీ టెన్త్ దాకా తెలుగు మీడియమే, జమ్మికుంట దగ్గర ఒక ఊళ్ళో. 2023 డిసెంబరులో మొదటిసారి జీఆర్ఈ రాస్తే వెర్బల్‌లో 143 వచ్చింది. ఎనిమిది నెలలు ఆగి మళ్ళీ రాస్తే 154. అదేమీ గొప్ప స్కోరు కాదు, నేను అప్లై చేసిన చోట్లకు సరిపోయింది, అంతే. 165 తెచ్చుకున్నవాళ్ళు వేరే సలహా ఇస్తారేమో. 140ల్లో ఇరుక్కున్నవాడు బయటికి ఎలా వస్తాడన్నది మాత్రం నాకు తెలుసు.

ముందుగా ఒక పని చేయండి. మీరు అనుకుంటున్న యూనివర్సిటీల్లో మీ డిపార్ట్‌మెంటు పేజీ తెరిచి అసలు జీఆర్ఈ అడుగుతున్నారో లేదో చూడండి. 2020లో కరోనా వచ్చాక చాలాచోట్ల దాన్ని ఐచ్ఛికం చేశారు, కొన్నిచోట్ల పూర్తిగా తీసేశారు. ఈ సంగతి నేను ఇరవై రెండు వేల పైచిలుకు ఫీజు కట్టాక చూసుకున్నాను.

ఇక పదాల విషయం. నేను అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళాను. సార్ ప్రొజెక్టర్ మీద రోజుకు యాభై పదాలు వేసేవారు. “గారులస్ అంటే వాగుడుకాయ. గారెలు తింటూ వాగుతుంటాడు, గుర్తుపెట్టుకోండి” అంటే క్లాసంతా నవ్వేవాళ్ళం. నిజం చెప్పాలి, ఆ పదం ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ పరీక్షలో గారులస్ రాలేదు. వచ్చిన పదాల్లో చాలావరకు తెలిసినవే, అయినా జవాబులు తప్పాయి. అప్పుడు అర్థమైంది, నేను తయారైంది పాత పరీక్షకని. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో ఆంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల మధ్య పోలికలు) ఉండేవి. పదం తెలిస్తే మార్కు పడేది. అవి తీసేసి ఇన్నేళ్ళయినా సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే జిరాక్సు లిస్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇప్పటి వెర్బల్‌లో మొత్తం 27 ప్రశ్నలు. మొదటి సెక్షన్లో 18 నిమిషాలకు 12, రెండో దాంట్లో 23 నిమిషాలకు 15. దాదాపు సగం రీడింగే. మిగతా సగంలో ఖాళీలు పూరించేవి ఉన్నా, వాటిలోనూ పదం కన్నా ముందు వాక్యం అర్థం కావాలి.

నాకు కళ్ళు తెరిపించిన తప్పు ఒకటి చెబుతాను. ఒక ప్రాక్టీస్ ప్యాసేజీలో ఒక జాతి పక్షి గురించి “ఆల్ బట్ ఎక్స్‌టింక్ట్” అని ఉంది. బట్ అంటే తప్ప. కాబట్టి “అంతరించడం తప్ప మిగతావన్నీ జరిగాయి, అంటే ఇంకా బాగానే ఉన్నాయి” అని చదువుకున్నాను. నాలుగు ప్రశ్నల్లో మూడు తప్పాయి. దానర్థం “దాదాపు అంతరించిపోయింది” అని. ఎక్స్‌టింక్ట్ అనే పెద్ద పదం నాకు తెలుసు. నన్ను ముంచింది ఆల్, బట్ అనే రెండు చిన్న పదాలు. ఇవి ఏ లిస్టులోనూ ఉండవు, ఎందుకంటే అవి అందరికీ తెలుసని అందరూ అనుకుంటారు.

ఆ రోజు నుంచి చిన్న పదాలకు వేరే నోట్‌బుక్ పెట్టాను. “ఎనీథింగ్ బట్” అంటే ఎంతమాత్రం కాదు. “నథింగ్ ఇఫ్ నాట్” అంటే అచ్చంగా అదే, మరీ అదే. “నాట్ సో మచ్” అని మొదలై వెనకాల “యాజ్” వస్తే, మొదటిదాని కన్నా రెండోదే అసలు సంగతి. “ఫార్ ఫ్రమ్” వస్తే దూరం లెక్క కాదు, దానికి పూర్తిగా ఉల్టా. “ఎట్ బెస్ట్” కనిపిస్తే రచయిత పెదవి విరుస్తున్నాడని. “హార్డ్‌లీ” కష్టపడి కాదు, దాదాపు లేదని. ఇలాంటివి ఎనభై దాకా పోగుపడ్డాయి. నాకు పెరిగిన పదకొండు మార్కుల్లో సగం ఈ నోట్‌బుక్‌వేనని నా నమ్మకం.

దీని పక్కనే ఇంకో పేజీ: మనకు బాగా తెలుసనుకున్న పదాలకు వేరే అర్థాలు. క్వాలిఫై అంటే మనకు ఎంసెట్ క్వాలిఫై అవ్వడం. ప్యాసేజీలో రచయిత తన మాటను క్వాలిఫై చేశాడంటే, దానికో షరతు పెట్టి కాస్త వెనక్కి తగ్గాడని. పెడెస్ట్రియన్ అంటే రోడ్డు దాటేవాడే కాదు, చప్పగా ఉన్నదని కూడా. వాంట్ కొరత, ఫ్లాగ్ నీరసపడటం. లోన్ శాంక్షన్ అయితే అనుమతి, ఒక దేశం మీద శాంక్షన్లంటే ఆంక్షలు, ఒకే పదానికి రెండు ఎదురెదురు అర్థాలు. ఎనర్వేట్‌లో ఎనర్జీ వినిపిస్తుంది కానీ దానర్థం నీరసపరచడం. దీని మీద నేను రెండుసార్లు పడ్డాను.

పెద్ద పదాలు వద్దనడం లేదు. రోజుకు యాభై వద్దు, పదిహేను చాలు. యాంకీ అనే యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. మీరు మర్చిపోయేవాటిని తొందరగా, గుర్తున్నవాటిని ఆలస్యంగా మళ్ళీ చూపిస్తుంది. కార్డు మీద ఒంటరి పదం కాకుండా మీరు చదివిన వాక్యం మొత్తం రాయండి. వెనకవైపు అర్థం డిక్షనరీ తెలుగులో కాకుండా ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. పర్ఫంక్టరీకి “యాంత్రికమైన” అని రాసుకున్నంత కాలం మర్చిపోతూనే ఉన్నాను. “తూతూమంత్రం” అని రాసుకున్నాక మళ్ళీ ఆ కార్డు చూడాల్సిన అవసరం రాలేదు. ప్లాటిట్యూడ్ అంటే ఊకదంపుడు మాట. ఈక్వివొకేట్ అంటే నీళ్ళు నమలడం. ఆబ్డ్యురేట్ అంటే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడు. మెరిట్రీషస్ అనే పదానికి ఇంగ్లీషు అర్థం మూడుసార్లు చదివినా ఎక్కలేదు, “పైన పటారం లోన లొటారం” అనుకోగానే ఎక్కింది. అర్థాలు అన్నిసార్లూ అతికినట్టు సరిపోవు, కానీ పదం మెచ్చుకోలుకా తిట్టుకా అన్నది తెలిసిపోతుంది. (ఇంగ్లీషువాళ్ళు మన పందికొక్కును బాండికూట్ చేసుకుని పట్టుకెళ్ళారు. మనం వాళ్ళ పర్ఫంక్టరీని తూతూమంత్రం చేసుకుంటే తప్పేముంది.)

ఇప్పుడు మీ అసలు బాధ, సగంలో మర్చిపోవడం. నాకు దీనికి మందు ఇచ్చింది మా బాపు. ఆయన చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు రాదు.

కోచింగ్ మానేసి ఊరికి వచ్చాక పొద్దున్నే ఏదో ఒక ఇంగ్లీషు వ్యాసం చదివేవాణ్ణి. హిందూ ఎడిటోరియల్ చదవమని అందరూ చెబుతారు, మంచిదే. కానీ జీఆర్ఈ ప్యాసేజీ రాజకీయాల మీద తక్కువ, పురుగులు, పాత నాగరికతలు, చిత్రకళ లాంటివాటి మీద ఎక్కువ. అందుకే స్మిత్సోనియన్, సైంటిఫిక్ అమెరికన్ లాంటి పత్రికల్లోవి వెతుక్కున్నాను. ఒకరోజు “ఏం చదువుతున్నవురా గంతసేపటి సంది” అని బాపు అడిగాడు. మాయా నాగరికత ఎందుకు కూలిపోయిందన్న వ్యాసం అది. “కరువు వల్ల ఊళ్ళు ఖాళీ అయినయని అనుకునేటోళ్ళు, కానీ వానలు ఇంకా తక్కువ పడే ఉత్తరం దిక్కు ఊళ్ళు తర్వాత కూడా చానా ఏండ్లు నిలబడ్డయట” అని చెప్పాను. బాపు కాసేపు ఆలోచించి అడిగాడు: “అయితే గా రాసినాయన కరువు కాదంటుండా, కరువొక్కటే కాదంటుండా?”

నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వెళ్ళి చదివాను. కరువొక్కటే కాదంటున్నాడు. ఆ రెంటికీ తేడా తెలియకనే నేను రీడింగ్‌లో ఓడిపోతున్నాను. జీఆర్ఈలో తప్పుడు ఆప్షన్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. రచయిత “ఒక్కటే కాదు” అంటే ఆప్షన్లో “అసలు కాదు” అని ఉంటుంది. “కొన్ని” అంటే “అన్నీ” అని ఉంటుంది. ప్యాసేజీలోని మాటలే వాడి కొలత మారుస్తారు.

తర్వాత అది రోజూ పని అయిపోయింది. నాలుగైదు వందల పదాల ముక్క చదవడం, మూసేయడం, బాపుకో అమ్మకో తెలుగులో రెండు మూడు వాక్యాల్లో చెప్పడం. చెప్పలేకపోతే నాకు అర్థం కానట్టే. మొదటి రెండు వారాలు ఘోరం. నెల తిరిగేసరికి, చదువుతున్నప్పుడే “ఇది బాపుకి ఎలా చెప్పాలి” అన్న ఆలోచన వెనకాల నడుస్తుండేది, మర్చిపోవడం తగ్గింది. మీరు హాస్టల్లో ఉంటే రూమ్మేట్‌కు చెప్పండి, లేకపోతే ఫోన్లో రికార్డు చేసుకోండి. కాకపోతే ఫోను ఎదురు ప్రశ్న వేయదు.

ఇంకో చిక్కు వాక్యం కట్టులో ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అంతదాకా ఓపిగ్గా ఎదురుచూడటం మనకు అలవాటే. కానీ ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వస్తుందని స్కూల్లో నేర్చుకున్నాం. జీఆర్ఈ వాక్యంలో ఆ రెంటి మధ్య రెండు లైన్ల కామాల సంత పెడతారు. మొదటిసారి ఆ సంతను దాటేసి “ఎవరు, ఏం చేశారు” మాత్రం పట్టుకోండి, తర్వాత వెనక్కి రండి.

ఖాళీలు పూరించేవాటికి ఒక తెలుగు వాక్యం చూడండి: “ఎవరినైనా ఆకాశానికెత్తే ఆ విమర్శకుడు ఈ కొత్త నవల గురించి మాత్రం ______ మాట్లాడాడు.” ఆప్షన్లు లేకుండానే ఆచితూచి అనో పొడిపొడిగా అనో మీరే పెట్టేసి ఉంటారు. “మాత్రం” అనే మాట చెప్పింది మీకు. ఇంగ్లీషులోనూ అంతే, ఆప్షన్లను చేత్తో మూసి ముందు మీ మాట పెట్టండి, తెలుగులో అయినా పరవాలేదు. మనం తెలుగులో పెద్దగా వాడని సెమికోలన్, కోలన్ కనిపిస్తే ఆగండి. చాలాసార్లు అటువైపు ఉన్నది ఇటువైపు దానికి వివరణే, జవాబు అక్కడే దొరుకుతుంది.

టైము గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ప్రతి ప్రశ్నకూ ఒకే విలువ. మూడు ఖాళీల ప్రశ్నలో మూడూ సరిగ్గా పడితేనే మార్కు, రెండు పడితే సున్నా. ఒక్కో ఖాళీకి మూడేసి ఆప్షన్లు, గుడ్డిగా పెడితే 27లో ఒక వంతు అవకాశం. కాబట్టి దాన్ని గుర్తుపెట్టి వదిలేసి చివర్లో రండి, అదే సెక్షన్లో వెనక్కి రావచ్చు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. నేను మొదటిసారి రెండు వదిలేసి వచ్చాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

జీఆర్ఈ పెట్టే ఈటీఎస్ వాళ్ళే ఇచ్చే పవర్‌ప్రెప్ ఉచిత టెస్టులు రెండు ఉన్నాయి. బయట దొరికే చాలా టెస్టుల కన్నా వాటి భాషే అసలు పరీక్షకు దగ్గర. మీరు చెప్పిన 142 ఏ టెస్టులో వచ్చిందో రాయలేదు. ఒకటి ఇప్పుడే రాయండి, రెండోది పరీక్షకు పది రోజుల ముందు దాకా ముట్టుకోవద్దు. మొదటిది అయ్యాక ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: పదం తెలియదా, చిన్న పదం దగ్గర పడ్డారా, కొలత మారిన ఆప్షన్ పెట్టారా, టైము చాల్లేదా. నా మొదటి లెక్కలో పదం తెలియక పోయినవి నాలుగే, కొలత దగ్గర పోయినవి ఏడు. మీ లెక్క ఎలా వస్తుందో చూసుకుని, మూడు నెలల్లో పదాలకు ఎన్ని రోజులివ్వాలో అప్పుడు తేల్చుకోండి.