పాత స్నేహితురాలి పేరుతో కొత్త రిక్వెస్ట్

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. తెనాలిలో టీచరుగా రిటైరయ్యాను. మనవరాలు ఫేస్‌బుక్ పెట్టిచ్చింది. నలభై ఏళ్ల కిందటి హాస్టల్ స్నేహితురాలు దొరికితే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారానికే ఆమె ఫొటోతో ఇంకో రిక్వెస్ట్! ఒప్పుకోగానే 'ఆసుపత్రిలో ఉన్నా, పదివేలు పంపు' అంటోంది. పంపనా?

జవాబు: వద్దమ్మా. పేరు, ఫొటో ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. మా అమ్మకూ ఒక స్నేహితురాలి పేరుతో ఇలాగే వచ్చింది. ఫోన్ చేస్తే ఆ పిన్నిగారు ఇంట్లో పప్పు తిరగమోత వేస్తున్నారు. ముందు మీరూ ఆవిడ గొంతు వినండి. దొంగ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి, ఆవిడచేతా చేయించండి. మీ ఫ్రెండ్స్ జాబితా ఎవరికీ కనబడకుండా సెట్టింగుల్లో 'ఓన్లీ మీ' పెట్టండి. ఒకవేళ డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. భయపడి ఫేస్‌బుక్ మానకండి. ఆవిడను తెనాలి రమ్మనండి.