పాస్‌పోర్ట్‌లో 'లెట్' అంటే ఏంటి? పాత ఇంగ్లీషు మాటల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది. లోపల రాష్ట్రపతి పేరు మీద రాసిన వాక్యంలో "వితవుట్ లెట్ ఆర్ హిండ్రెన్స్" అని ఉంది. లెట్ అంటే పోనివ్వడం కదా, మరి పోనివ్వకుండా అని రాశారేంటి? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఆ పేజీని ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు చాలా తక్కువండీ, సంతోషం. అక్కడ లెట్ అంటే అడ్డు. ఇంగ్లీషులో వెనకటికి రెండు వేరే మాటలుండేవి, ఒకటి లేటన్, అంటే వదలడం, రెండోది లెట్టన్, అంటే ఆపడం, ఆలస్యం చెయ్యడం, వందల ఏళ్లు నోళ్లలో నలిగి నలిగి చివరికి రెండూ లెట్ అనే ఒకే రూపానికి వచ్చేశాయి. ఒకే మాటకి పొమ్మనడం, ఆపడం రెండూ అర్థాలైతే ఎవరికైనా కష్టమే, అందుకే ఆపడం అనే అర్థం మామూలు వాడుకలోంచి పోయి లా కాగితాల్లో మిగిలింది. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఏ అడ్డూ ఆటంకం లేకుండా వెళ్లనివ్వండి అనే. టెన్నిస్‌లో సర్వ్ నెట్‌కి తగిలి బాక్స్‌లో పడితే లెట్ అంటారు చూడండి, అది కూడా ఈ అడ్డు లెట్టే. షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ నాటకంలో హామ్లెట్ తన తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతుంటే స్నేహితులు పట్టుకుంటారు, నన్ను 'లెట్' చేసేవాణ్ణి చంపేస్తా అంటాడు, అంటే ఆపేవాణ్ణి అని. ఇంగ్లీషు లిటరేచర్ చదివే పిల్లలు సరిగ్గా ఇలాంటి చోటే దెబ్బతింటారు, తెలియని మాట వస్తే డిక్షనరీ తీస్తారు గానీ లెట్ లాంటి తెలిసిన మాట వస్తే ఎవరు తీస్తారు?

ప్రశ్న: ఫోర్ట్‌నైట్ అంటే పక్షమేనా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: దాదాపు అంతే, కానీ లెక్క వేరు. అది ఫోర్టీన్ నైట్స్ కుదించుకుపోయిన మాట, అంటే 14 రాత్రులు. మన పక్షం 15 తిథులు. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులైన పాత జర్మానిక్ జాతులు పగళ్లు కాదు, రాత్రులు లెక్కపెట్టేవాళ్లని రోమన్ రచయిత టాసిటస్ కూడా రాశాడు. వారానికి సెన్నైట్ అనే మాట ఉండేది, ఏడు రాత్రులన్నమాట, అది పోయింది.

ప్రశ్న: ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి దౌ, దీ అంటారు. ఇది 'తమరు' లాంటి గౌరవ పదమా? (ఎంఏ విద్యార్థిని, వరంగల్)

జవాబు: కాదమ్మా, పూర్తిగా తలకిందులు. దౌ అంటే నువ్వు, దీ అంటే నిన్ను, యు అంటే మీరు. మొదట్లో ఒక్కరైతే దౌ, ఎక్కువమందైతే యు, అంతే, తర్వాత ఫ్రెంచ్ ప్రభావంతో పెద్దవాళ్లని ఒక్కరున్నా యు అనడం మొదలైంది, సరిగ్గా మనం మీరు అన్నట్టే. అందుకే పరాయివాణ్ణి దౌ అంటే గొడవయ్యేది. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని "ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్" అన్నాడు, అంటే నిన్ను నువ్వనే అంటా ద్రోహీ అని. మనకి ఇది వివరించక్కర్లేదు, ఏరా అని ఒక్క మాట జారితే ఎంత దూరం వెళ్తుందో తెలుసు. అదే శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు మనుషులంతా సమానం కాబట్టి అందరినీ దౌ అనే అంటాం అని పట్టుబట్టి దెబ్బలు కూడా తిన్నారు, నాకైతే వాళ్లంటే చాలా గౌరవం. ఇక దేవుడి సంగతి, మనం కూడా నీవే తండ్రివి అనే కదా వేడుకుంటాం, అది చనువు. మామూలు మాటల్లో దౌ మాయమై 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, ప్రార్థనల్లో మాత్రం వినపడుతూ ఉండటంతో, తర్వాత తరాలకి అదేదో పవిత్రమైన మాటలా అనిపించడం మొదలైంది.

ప్రశ్న: ఇక్కడ పుట్టిన మా అబ్బాయి ఎల్లుండికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదా అని అడుగుతున్నాడు. (పాఠకుడు, డాలస్)

జవాబు: ఉంది, ఓవర్‌మారో. 1535లో వచ్చిన కవర్‌డేల్ బైబిల్ అనే ఇంగ్లీషు అనువాదంలో కనిపిస్తుంది. మొన్నకి కూడా ఎరెయెస్టర్‌డే అని ఉండేది. జర్మన్లు ఎల్లుండిని యూబర్‌మోర్గెన్ అని ఇప్పటికీ రోజూ అంటారు, ఇంగ్లీషువాళ్లే చక్కటి మాటని వదిలేసుకుని డే ఆఫ్టర్ టుమారో అని అంత పొడుగు తిరుగుతున్నారు. బాబుని ఇంట్లో హాయిగా వాడుకోమనండి, స్కూల్ పరీక్షలో మాత్రం పొడుగుదే రాయమనండి.