రంగు డబ్బా కొనే ముందు గోడ గీకి చూడు

చి.సౌ. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ జూమ్ చేసి మరీ చూశాను. మంచి ఇల్లే కొన్నారు. రాజమండ్రిలో అలా వసారా మూసేయకుండా, టేకు స్తంభాలు అమ్మేయకుండా వదిలిన ఇల్లు దొరకడం అదృష్టమే. తర్వాత నువ్వు ఏదో యాప్‌లో చేయించిన బొమ్మ కూడా చూశాను. ముదురు బూడిద రంగు గోడలు, నల్ల పట్టీలు, వసారా ముందు అద్దాలు, మూలన నారింజ రంగు డబ్బా లాంటి ఎలివేషన్. బొమ్మ బాగుంది. కాకపోతే అందులో మీ ఇల్లు ఎక్కడా కనిపించలేదు.

పెదనాన్న రంగుల కొట్టు నడిపినవాడు కదా, వెంటనే షేడ్ కార్డు, అదే రంగుల నమూనాల పుస్తకం, తెరుస్తాడనుకుంటున్నావేమో. కొట్టుకొచ్చిన వాళ్లని నేను మొదట అడిగే ప్రశ్న "మీ గోడ ఏ గోడ?" అనే. సగం మందికి ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. మీ కేసులో మరీ ముఖ్యం. కింది భాగం అరవైల్లో కట్టారనీ, పైన రెండు గదులు తొంభైల్లో వేశారనీ చెప్పావు. అరవైల్లో సిమెంటు అడిగినంత దొరికేది కాదు. 1982లో కొంతా, 1989లో పూర్తిగా ప్రభుత్వం దాని మీద కంట్రోలు ఎత్తేసేదాకా పర్మిట్ల గొడవే. అందుకే ఆ కాలం ఇళ్లు చాలా వాటికి గానుగ సున్నంతోనే కట్టుబడి, పూత జరిగాయి. పై గదులు కట్టేనాటికి సిమెంటు బస్తాలు వీధి చివర కొట్లోకి వచ్చేశాయి. అంటే మీ ఇంట్లో కింద ఒక రకం గోడ, పైన ఇంకో రకం గోడ ఉండి ఉంటాయి. రెండింటికీ ఒకే బకెట్టు పనికిరాదు.

నా మాట ఊరికే నమ్మకు, తాళంచెవి తీసుకుని నువ్వే గీకి చూడు. సున్నపు పూత అయితే మెత్తగా పొడి రాలుతుంది. సిమెంటు అయితే గీత పడటమే కష్టం. చూసేది ఒక్కచోట కాకుండా నాలుగైదు చోట్ల చూడు, మధ్యలో ఎవరో సిమెంటుతో మాట్లు వేసి ఉంటారు. గీకడం అయ్యాక వేలి మెటికలతో తడుతూ వెళ్లు. డొల్లగా మోగిన చోట పూత ఇటుకను వదిలేసినట్టే. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీసి పెట్టుకో, మేస్త్రీ వచ్చినప్పుడు చూపించాలి.

ఇంత గొడవ ఎందుకంటావా? సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ తగిలితే వదిలేస్తుంది. అరవై ఏళ్లుగా ఆ గోడ చేస్తున్న పని అదే. దాని మీద ప్లాస్టిక్ లాంటి ఎమల్షన్ పూశావనుకో, నేలలోంచి ఎక్కిన చెమ్మకి బయటికి దారి ఉండదు. మొదటి వానాకాలం గడిచేసరికి అడుగున బుడగలు లేస్తాయి, చౌడు పొంగుతుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. పెయింటరు వచ్చి "డ్యాంప్ ప్రూఫ్ కోటు వేద్దాం మేడమ్" అంటాడు. అది ఇంకా గట్టి మూత. చెమ్మ అలా లోపలే ఇంకో రెండడుగులు పైకి పాకి, హాల్లో బయటపడుతుంది.

ఇంకో చిక్కుంది. కింద గోడ మీద ఏటేటా సంక్రాంతికి వేసిన వెల్ల పొరలు పొరలుగా ఉంటుంది. ఎమల్షన్ ఆ వెల్లను పట్టుకుంటుంది కానీ, ఆ వెల్ల గోడను పట్టుకుని ఉండాలిగా! ఎండేటప్పుడు రంగు బిగిసి, వెల్లను కూడా లాక్కుని అప్పడంలా లేచి వస్తుంది. లప్పం, అదే పుట్టీ, పెట్టినా అంతే, మెత్తటి గోడ మీద గట్టి చిప్ప తొడిగినట్టు. నాలుగేళ్లకోసారి గీకించి, లప్పం పెట్టించి, మళ్లీ గీకించే ఇళ్లు ఉన్నాయి. వాటి వల్ల నా కొట్టు బాగా నడిచింది, అది వేరే సంగతి.

కాబట్టి నా మాట ఇది: కింద సున్నమే కొట్టించు, పైన సిమెంటు గదులకు మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించు. సున్నం అనగానే మీ ఆయన మొహం చిట్లిస్తాడని తెలుసు. వీపు ఆనిస్తే చొక్కాకి అంటుకునే సున్నం సరిగ్గా కలపనిది. గుల్లలు కాల్చి చేసే గుల్లసున్నం దొరికితే మంచిది, తెల్లదనం బాగుంటుంది. ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి సున్నం కొద్దికొద్దిగా వేయాలి. కుతకుత ఉడుకుతుంది, పిల్లాణ్ణి ఆ దరిదాపులకి రానివ్వకు, కంట్లో పడితే చాలా ప్రమాదం. కలిపేవాడికి కళ్లద్దాలూ గ్లవుజులూ ఉండాలి. ఉడుకు తగ్గాక కనీసం ఒక రాత్రి నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి, నానబెట్టిన తుమ్మజిగురు కలపాలి. తెలుపుకి అయితే చిటికెడు నీలిమందు. గోడ మీద నీళ్లు చల్లి, తడి ఆరకముందే పల్చగా వేయాలి. మజ్జిగ తేటలా పల్చగా ఉంటే మూడు పూతలు, చిక్కగా ఒక్క పూత ఎప్పుడూ వద్దు. వేస్తున్నప్పుడు ఏమీ కనిపించదు, నీళ్లు పూసినట్టే ఉంటుంది. "ఇదేంటండీ, ఏమీ పడలేదు" అని నువ్వు కంగారు పడతావు. ఆరుతున్నకొద్దీ తెలుపు తేలుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని ఆ పూత మళ్లీ రాయిగా మారుతుంది, అందుకే అది గోడలో భాగమైపోతుంది.

సున్నంలో అన్ని రంగులూ నిలవవు. మట్టి రంగులు, ఆక్సైడు పొడులు నిలుస్తాయి: ఎల్లో ఆక్సైడు, కావి, కాస్త నలుపు. అదీ లేత ఛాయల్లోనే, ఎందుకంటే సున్నమే తెల్లగా ఉంటుంది కనుక. ఈ పరిమితి నీకు మేలే చేస్తుంది. వెయ్యి షేడ్లలోంచి ఏరుకునే టెన్షన్ తప్పుతుంది.

ఇప్పుడు రంగులు. ఇంట్లో ఏవి మారవో ముందు చూసుకో. వసారా మీద బంగాళా పెంకుల ఎరుపు, లోపలి ఎర్ర గచ్చు, టేకు స్తంభాల గోధుమ రంగు. మూడూ వెచ్చటి రంగులే. నువ్వు మెచ్చిన బూడిద రంగు వాటి పక్కన పెడితే పెంకులు మాసినట్టు కనిపిస్తాయి, గోడ సిమెంటు పూసి వదిలేసినట్టు కనిపిస్తుంది. పైగా మీది పడమటి ముఖం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, రాజమండ్రిలో ఆ ఎండ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నేరుగా ముందు గోడ మీదే. ముదురు రంగు వేడిని మింగి రాత్రంతా ముందుగదిలోకి వదులుతుంది. ముదురు నీలం, వంకాయ రంగు, మెరిసే నారింజ లాంటివి ఆ ఎండకి త్వరగా వెలిసిపోతాయి కూడా. ఐరన్ ఆక్సైడుతో చేసే పసుపుమట్టి, ఇటుక, కావి ఛాయలు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి.

నాకు తోచినది చెప్తాను. కింద గోడలకు లేత పసుపుమట్టి రంగు, అంటే మీగడలో చిటికెడు పసుపు పడ్డంత. కిటికీల చుట్టూ పట్టీలు, సజ్జలు, కార్నీసు, పిట్టగోడ తెలుపు. నేల నుంచి రెండు రెండున్నర అడుగుల ఎత్తు దాకా కావి పట్టీ. మన పాతవాళ్లు ఆ పట్టీని ఊరికే వేయలేదు. చూరు నీళ్లు నేల మీద పడి ఎర్రటి బురద చిందేది సరిగ్గా అంత ఎత్తుకే. పై గదులకు అదే లేత పసుపును ఎమల్షన్‌లో, ఒక మెట్టు ఇంకా లేతగా కలిపించు. సున్నం కొట్టిన గోడకీ ఎమల్షన్ గోడకీ ఛాయ అచ్చు గుద్దినట్టు కలవదు. కలపాలని చూస్తే తప్పు జరిగినట్టుంటుంది, పైన కావాలనే లేతగా ఉంటే పై అంతస్తు బరువు తగ్గినట్టు అనిపిస్తుంది. రెండింటినీ కలిపేది సజ్జల తెలుపు. పసుపు అంటే మీ అత్తగారు కూడా వాస్తు పేరు ఎత్తరు, అది అదనపు లాభం.

షేడ్ కార్డులో అంగుళం ముక్క చూసి మాత్రం ఒప్పేసుకోకు. గోడంతా పరుచుకున్నాక ఏ రంగైనా రెండు మెట్లు ఎక్కువగా అరుస్తుంది. నీకు నచ్చినదానికంటే కాస్త నీరసంగా ఉన్న ఛాయే గోడ మీద సరిపోతుంది. మూడు ఛాయలు కలిపించి, ముందు గోడ మీద ఒక్కోటి మూడడుగుల చదరంగా, ఎడం ఎడంగా, పెంకుల చూరుకి దగ్గరగా వేయించు. పూర్తిగా ఆరనిచ్చి పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం చూడు. వీధి అవతలి అరుగు మీద నుంచి చూడు, గోడకి ముక్కు ఆనించి కాదు.

ఇక ఆ ఎలివేషన్ విషయం. కొత్త ఇళ్లకు ఏసీపీ షీట్లు (అల్యూమినియం రేకుల పలకలు), గ్లాసు, ముందు గోడకు రాతి టైల్సు వేస్తున్నారు, వేసుకోనీ. సున్నపు గోడకు టైల్స్ అంటిస్తే చెమ్మ సంగతి మళ్లీ మొదటికొస్తుంది. వసారాకు అద్దాలు పెడితే పడమటెండకి అది పొయ్యి అవుతుంది. ఎండ ఆపాలంటే వెదురు చాపలు కట్టు, కడియం నర్సరీలకి వెళ్లి నాలుగు మొక్కలు తెచ్చుకో. పై గదులు అగ్గిపెట్టెలా ఉన్నాయన్నావు, నిజమే. డబ్బుంటే ఆ కిటికీల మీద పెంకుల సజ్జ వేయించు, కింది వసారాతో ఆ వరస కలుస్తుంది. లేకపోతే తర్వాత చూసుకోవచ్చు. దానికంటే ముందు, ఫొటోలో నా కంటికి తగిలింది రంగు కాదు: మూడు కేబుల్ టీవీ తీగలు, పనిచేయని ఏసీ డబ్బా, ముందు గోడ మీద ఏటవాలుగా దిగిన పీవీసీ గొట్టం. అవి తీయించి, గొట్టాన్ని పక్క గోడకి మార్పించు. రంగు వేయకముందే ఇల్లు సగం బాగుపడుతుంది.

రెండో ఫొటోలో ఎడమ పక్క సజ్జ మీద రావి మొలక ఉంది, చూశావా? అది పైకి నాలుగు ఆకులే, వేళ్లు ఇటుకల మధ్య ఎంత దూరం పోయాయో తెలియదు. తుంచేస్తే మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ సున్నం తవ్వి, వేరుతో లాగి, ఆ సందుని సున్నం-ఇసుకతో పూడ్పించు. డొల్ల మోగిన చోట మాట్లు కూడా సున్నంతోనే, సిమెంటుతో వద్దు. డాబా మీద తూములు మూసుకుపోయాయేమో, మద్రాసు టెర్రసులో, అంటే దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పాత కప్పులో, ఎక్కడైనా దూలం తడిసి నల్లబడిందేమో చూపించుకోవాలి. వాన నీళ్లు దిగుతూ ఉంటే ఏ రంగూ ఆగదు.

తలుపులూ కిటికీల దగ్గర జాగ్రత్త. వాటి మీద ఆకుపచ్చ ఎనామిలు పొరలు పొరలుగా ఉంది కదా. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదని నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచే. అంతకు ముందరి ఎనామిళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లాడి చేతుల్లోంచి నోట్లోకి వెళ్తుంది. కాగితాలు పరిచి, తడిపి గీకించు, మాస్కులు పెట్టించు, ఆ రాలిన పొడి ఊడ్చి మూటకట్టి అవతల పారేయించు. అన్నాళ్లూ పిల్లాణ్ణి అమ్మ దగ్గర ఉంచు. కింద టేకు తేలాక మళ్లీ రంగు వేయనక్కర్లేదు, అవిసె గింజల నూనె పట్టిస్తే చాలు. ఊచలకూ గ్రిల్లుకూ తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు ప్రైమరు వేసి, పాత ఆకుపచ్చే ముదురుగా వేయించు. ఆ ఆకుపచ్చ ఆ ఇంటికి బాగా నప్పింది.

పెయింటరుతో బేరం చదరపు అడుగు లెక్కన కూలి మాత్రమే మాట్లాడు, సరుకు మీరే కొనండి. బకెట్లలో పెయింటర్ల కోసం కంపెనీ పెట్టే, డబ్బు వచ్చే టోకెన్లు ఉంటాయి. ఫలానా బ్రాండే కావాలని పట్టుబట్టడం వెనక ఒక్కోసారి ఆ టోకెను ఉంటుంది. అది అతని రాబడి, తీసుకోనీ, కానీ ఎంపిక నీది. ఎమల్షన్ లీటరుకి రెండు పూతల్లో సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. అతను 100 వస్తుందంటే నీళ్లు ఎక్కువ కలుపుతాడని అర్థం. మిషన్‌లో కలిపిన రంగు కోడు స్టిక్కరు మూత మీద ఉంటుంది, ఫొటో తీసి దాచుకో. ఒకే షేడ్ బకెట్లు రెండు మూడు ఉంటే వాటిని ఒకదాంట్లో ఒకటి కలిపి వాడించు, లేకపోతే గోడ మధ్యలో తేడా పడుతుంది. పైన కొత్తగా సిమెంటు మాట్లు వేస్తే, రంగుకి 28 రోజులు ఆగాలి.

ముహూర్తం సంగతి అంటే, తుపాన్లు దాటిపోవాలి. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చిలోపు ముగించండి. ఎండలు ముదిరితే రంగు కుంచె మీదే ఆరిపోతుంది. 2027లో పుష్కరాలు, వాటి ముందు ఊరంతా రంగులే, మేస్త్రీలు దొరకరు, దొరికినా రేటు మాట్లాడనివ్వరు. అందుకని మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. సున్నం పని తెలిసినవాడు కావాలి, కుర్రాళ్లకి అలవాటు తప్పింది. గుళ్లకి వెల్ల వేసే పెద్దవాళ్లని అడుగు.

మూడు ఛాయలూ వేయించాక ఫొటోలు పంపు. సాయంత్రం అయిదు గంటలప్పుడు, వీధి అవతలి నుంచి తీసినవే పంపు. ఫిల్టర్లు పెట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న