చింపకండి, ముందు ఆరనివ్వండి

ప్రశ్న: వాటర్ కలర్స్‌తో మా ఊరి గంటస్తంభం, కోట వేస్తుంటాను. ఆకాశంలో మరకలు రాగానే ‘నాకు రాదు’ అనిపించి కాగితం చింపేస్తున్నాను. ఈ అలవాటు పోయేదెలా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ మరక మీ చేతకానితనం కాదమ్మా, నీటి లెక్క. సగం ఆరిన రంగు మీద తడి కుంచె పెడితే, కొత్త నీరు రంగును అంచులకు నెట్టేస్తుంది. కాలీఫ్లవర్‌లా విచ్చుకునేది అందుకే. కాగితం మీద మెరుపు తగ్గితే చెయ్యి తీసేయండి. దిద్దబోతే బురదే! పైగా ఈ రంగులు ఆరాక లేతబడతాయి, తడిలో తీర్పు చెప్పకండి.

300 జీఎస్ఎం (అంటే బాగా మందపాటి) కాగితాన్ని పోస్టుకార్డంత ముక్కలు కోసి, ఒకే గంటస్తంభాన్ని నాలుగుసార్లు, పదిహేనేసి నిమిషాల్లో వేయండి. పెన్సిలు, రబ్బరు దగ్గర ఉంచుకోవద్దు. వెనక తేదీ వేసి ‘నీరెక్కువ’ అనో, ‘తొందరపడ్డాను’ అనో రాయండి. ‘బాగోలేదు’ అని మాత్రం రాయకూడదు, దాంతో రేపు సరిచేసుకునేదేం ఉండదు. వారం దాకా ఏదీ చింపొద్దు. (పొందూరు ఖద్దరులో నూలు ఎగుడుదిగుడుని ఎవరైనా తప్పంటారా?)

మరక మరీ కొట్టొచ్చినట్టుంటే, పూర్తిగా ఆరాక తడి కుంచెతో అంచును మెల్లగా రుద్ది, నూలుగుడ్డతో అద్దండి.