డిస్కులు మార్చే ఉద్యోగం మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాడు. రోజూ రాత్రి రోగుల డేటాబేస్‌ను హార్డ్ డిస్కులోకి బ్యాకప్ తీయడం, డిస్కు మార్చి బీరువాలో పెట్టడం, ఇదే పని. వాడి స్నేహితులందరూ డేటా సైన్స్ అంటున్నారు. ఉద్యోగం మానిపించి, లక్షన్నర కట్టి ఆ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మేలు?
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పని పేరు మారుతుంది గానీ ఉత్తరం అదే. పెళ్లిళ్లలో "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదన్నదే మీ అసలు బాధ. "ఇదే పని" అన్న మీ మాటలోనే అది కనిపిస్తోంది. ఈ ఏడాదిన్నరలో ఆ డిస్కులో ఏముంటుందో, అది పోతే ఏమవుతుందో ఒక్కసారైనా వాడిని అడిగారా?

నేను చెబుతాను. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు. రోజుల తరబడి రోగుల వివరాలు చేత్తో రాసుకోవలసి వచ్చింది. ఆ సమాచారం తిరిగి వచ్చింది దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచేనని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. సర్వర్‌కు తగిలించి ఉన్న డిస్కును కూడా అలాంటి వైరస్ వదలదు. ఊడదీసి బీరువాలో పెట్టిన డిస్కును మాత్రం అది ముట్టుకునే వీలు లేదు. మీరు చిన్నచూపు చూస్తున్న పని అదే.

అయితే డిస్కు మార్చడం ఒక్కటే వస్తే చాలదు, ఈ మాట అబ్బాయికి చెప్పండి. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఒకటికి నాలుగు ఉన్నాయి. తీరా చూస్తే రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక ఎప్పటినుంచో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు ఎవరికీ అందడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని మీద తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది.

బ్యాకప్ తీసేవారు చాలామంది దొరుకుతారు. దాన్ని వేరే కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టి, "ఇదిగో, నిన్న రాత్రి వరకు అంతా ఉంది" అని చూపగలిగేవారు తక్కువ. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలు అందులో పట్టదు. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్లను ఊరికే కాపీ చేస్తే అది నమ్మదగిన బ్యాకప్ కాదు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో "వెరిఫై" చూసుకుని సరిపెట్టుకున్నా, రీస్టోర్ చేసి, అంటే తిరిగి నిలబెట్టి, చూసేదాకా భరోసా లేదు. ఇవి తెలిసిన కుర్రవాడు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, అంటే డేటాబేస్‌ల బాగోగులు చూసే ఉద్యోగి, అయ్యే దారిలో ఉన్నట్టే.

ఈ దారి మీద నాకు అనుమానాలు లేవనుకోకండి. ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చే అమెజాన్ వంటి క్లౌడ్ సేవల్లో బ్యాకప్ దానంతట అదే జరిగిపోతుంది, 35 రోజుల వరకు నిల్వ ఉంచుకోవచ్చు. కాబట్టి కేవలం డిస్కులు మారుస్తూ ఐదేళ్లు గడిపితే అబ్బాయి నష్టపోతాడు. ఆ పని దాటి నేర్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ ఉచితం. ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఉత్తుత్తి సమాచారంతో సాధన చేయవచ్చు. ఆసుపత్రి సమాచారాన్ని మాత్రం ఇంటికి తేకూడదు, అవి రోగుల రహస్యాలు.

డేటా సైన్స్ మీద నా అనుమానాలు ఇంకా పెద్దవి. ఆ రంగం మంచిదే. కానీ దాని పునాది గణితం, సంఖ్యాశాస్త్రం. ఆ పునాది ఆరు నెలల కోర్సులో పడదు. ఆ సర్టిఫికెట్లతో నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌ను సమాచారం అడిగే భాషలో, రెండు పట్టికలను కలిపి చిన్న ప్రశ్న రాయలేనివారిని చూశాను. అందరి రెజ్యూమెలోనూ అవే రెండు మూడు ప్రాజెక్టులు. తప్పు పిల్లలది కాదు. ప్రకటన చూసి డబ్బు కట్టిన పెద్దలది. కొందరు బంగారం తాకట్టు పెట్టి మరీ కట్టారు.

మీ ఉత్తరంలో స్నేహితులున్నారు, లక్షన్నర ఉంది. అబ్బాయికి లెక్కలంటే ఇష్టమో కాదో మాత్రం లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఇష్టపడి చదివినవాడైతే డేటా సైన్స్ వైపు తప్పకుండా వెళ్లనివ్వండి, అయితే ఉద్యోగం చేస్తూనే. అక్కడా మొదట అడిగేది ఎస్‌క్యూఎలే, ఈ ఏడాదిన్నర వృథా పోదు. కంగారు పడవలసినంత ఆలస్యం ఏమీ జరగలేదు. చేతిలో జీతం ఉంది, రోజూ ముట్టుకునే నిజమైన డేటాబేస్ ఉంది. కోర్సులో కూర్చునే పిల్లలకు ఈ రెండూ లేవు.

ముందు ఒక పని చేయండి. ఆసుపత్రి అనుమతి తీసుకుని, అక్కడే వేరే కంప్యూటర్ మీద గత వారం బ్యాకప్‌ను రీస్టోర్ చేసి చూడమనండి. ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది, ఏం చేస్తే కదిలింది అన్నది రాత్రి భోజనాల దగ్గర అడగండి. మధ్యలో మాట్లాడకుండా వినండి. వాడు చెప్పింది నాకు రాయండి. లక్షన్నర అప్పటివరకు బ్యాంకులోనే ఉండనివ్వండి.