న్యాయ సందేహాలు: శిక్ష కొట్టేశారు, మరి మా అన్నయ్యను చంపిందెవరు?

ప్రశ్న: లాయరు గారూ, మా అన్నయ్య ఫిషింగ్ హార్బరులో బోటు మీద పనిచేసేవాడు. జ్ఞానాపురంలో శవమై దొరికాడు. డబ్బు దగ్గర తగాదా ఉన్న వాడి స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. ఇద్దరిదీ ఒకే బోటు. విశాఖ సెషన్స్ కోర్టు యావజ్జీవం వేస్తే, హైకోర్టు సాక్ష్యాలు చాలవని కొట్టేసింది. ఆ రాత్రి మందు షాపు దగ్గర ఇద్దరూ కలిసి కనబడ్డారు. రక్తం మరకల చొక్కా వాడింట్లోనే దొరికింది. ఇంకేం కావాలి? అడవివరం జైలు నుంచి వచ్చి మా వీధిలోనే తిరుగుతున్నాడు. అమ్మ అన్నం మానేసింది. తీర్పు నకలు పంపుతున్నాను.
- ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: బాబూ, తీర్పు మొత్తం చదివాను. మీకు కష్టంగా ఉంటుంది గానీ, నేను రాసినా ఇలాగే రాసేవాణ్ణి.

మందు షాపు దగ్గర చూసిన సాక్షి చెప్పిన టైము రాత్రి తొమ్మిది. శవం కనబడింది మర్నాడు మధ్యాహ్నం. ప్రాణం ఏ వేళకు పోయిందో కచ్చితంగా చెప్పలేనని కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) డాక్టరు అన్నారు. ఆ మధ్యలో మీ అన్నయ్యను ఇంకెవరూ కలవలేదని ఎవరు చెప్పగలరు? ఆఖరిసారి కలిసి కనబడ్డారన్న సాక్ష్యం ఆ వ్యవధి తక్కువగా ఉంటేనే నిలబడుతుంది.

అసలు కేసు పోయింది చొక్కా దగ్గర. ముద్దాయి పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, దొరికిన మేరకే పాత ఎవిడెన్స్ యాక్టు 27వ సెక్షను కింద పనికొస్తుంది. అందుకే మధ్యవర్తుల ఎదుట, అంటే వస్తువు దొరకడం చూసే బయటి సాక్షుల ఎదుట, నివేదిక రాస్తారు. మీ కేసులో మధ్యవర్తిగా వచ్చిన వీఆర్వో, ముద్దాయి లాయరు అడిగే క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'నేను ఆ ఇంటికి వెళ్లలేదు, స్టేషన్లోనే సంతకం పెట్టాను' అనేశాడు. రెండో ఆయన అడ్డం తిరిగాడు. చొక్కాకు అక్కడికక్కడే సీలు వేసినట్టు నివేదికలో ఒక్క ముక్క లేదు. ల్యాబుకు వెళ్లేదాకా అది ఎవరి దగ్గరుందో చూపే రిజిస్టరూ కోర్టుకు రాలేదు. పోనీ ల్యాబు రిపోర్టు? మనిషి రక్తమేనంది, గ్రూపు తేలలేదంది. వలతాళ్లు లాగేవాడి చొక్కా మీద వాడి రక్తమే ఉండొచ్చు కదా! ఇవన్నీ మొదటి రెండు మూడు రోజుల్లో చెయ్యాల్సిన పనులు. తర్వాత ఎంత పెద్ద పీపీ (ప్రభుత్వ లాయరు) వాదించినా ఆ కన్నాలు పూడవు.

కళ్లారా చూసినవారు లేని కేసుల్లో ఏం కావాలో సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో చెప్పింది. ప్రతి సంగతీ విడిగా రుజువవ్వాలి, అన్నీ కలిపితే ముద్దాయి తప్ప ఇంకొకరు అయ్యే వీలుండకూడదు. చేసి ఉండొచ్చు అంటే చాలదు. 2007లో విజయవాడ హాస్టల్లో విద్యార్థిని హత్య మీకు గుర్తుండే ఉంటుంది. 2010లో యావజ్జీవం పడిన కుర్రాణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. తర్వాత మళ్లీ సీబీఐ దర్యాప్తుకు ఆదేశించాల్సి వచ్చింది. చంపిందెవరన్న మీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది దర్యాప్తే. అప్పీలు కోర్టు ముందున్నది కాగితాల మీది సాక్ష్యం ఒక్కటే.

ఇక చెయ్యాల్సింది. ఈ తీర్పు మీద సుప్రీంకోర్టులో వేసే ప్రత్యేక అనుమతి పిటిషన్‌కు తీర్పు తేదీ నుంచి 90 రోజుల గడువు. ప్రభుత్వం వెయ్యకపోయినా, అనుమతి కోరి మీరు వెయ్యొచ్చు. నిర్దోషి అన్న తీర్పులో సుప్రీంకోర్టు వేలు పెట్టేది చాలా తక్కువ, మీకు లేనిపోని ఆశ పెట్టను. లాయరు ఫీజుకు మాత్రం అప్పు చెయ్యకండి. ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, అమ్మగారి పేరున జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. బాధిత కుటుంబానికి పరిహారం సంగతి కూడా అక్కడే అడగండి, కేసు వీగిపోయినా అడగొచ్చు.

అతను వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకోండి. చెయ్యి చేసుకుంటే రేపు ముద్దాయి మీరే అవుతారు. అర్జీ మటుకు ఈ వారమే పెట్టండి, నకలు మీద తేదీ చూస్తే ఇప్పటికే నెల దాటింది.